రేవతి వెళ్ళేదాకా

ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళకు ఏ సందేహం వచ్చినా ఇందుకూరుపేటలో చంద్రమౌళి దగ్గరికే వెళ్తారు. ఆయనకు పదకొండు పోర్షన్లున్నాయి. అగ్రిమెంటు పదకొండు నెలలకు మించి రాయొద్దంటాడు. అడ్వాన్సు చేతిలో పడకుండా తాళం ఇవ్వొద్దంటాడు. నీళ్ళ మోటారు స్విచ్ ఎప్పుడూ ఓనరు దగ్గరే ఉండాలంటాడు. ఇవన్నీ చెప్పి, చివర్లో గొంతు తగ్గించి అడుగుతాడు. "వచ్చేవాళ్ళల్లో మంచం పట్టేటట్టున్నోళ్ళు ఎవరన్నా ఉండారా?"

ఉషారాణి ఆ ఒక్కటీ చూసుకోలేదు. చూసుకున్నా తెలిసేది కాదు. రెండేళ్ళ కిందట ఎస్తేరమ్మ తన ట్రంకుపెట్టె తానే మోసుకుంటూ గేట్లోకి వచ్చింది. కొడుకు జయకుమార్ మైపాడు నుంచి చేపల ఐస్ వ్యాను తోలతాడు. కోడలు ఫ్లోరా రొయ్యల కంపెనీకి పోతుంది. కింద వాళ్ళు, మేడ మీద ఉషారాణి. భర్త హజరత్తయ్య పోయాక వచ్చిన డబ్బుకు బ్యాంకు అప్పు కలిపి కట్టిన ఇల్లది. కింది అద్దె అప్పు వాయిదాకు పోతుంది. మిషను కుట్టి ఆమె తింటుంది.

ఆ రోజు పొద్దున జయకుమార్ నెల్లూరు ఆసుపత్రి నుంచి ఫోను చేసినాడు. "అమ్మను ఇంటికి తీసకపొమ్మన్నారక్కా. ఇంక చేసేదేం లేదంట."

ఉషారాణి పక్కింటి చంద్రమౌళిని పిలిచింది. ఆయన పంచాంగం పట్టుకునే వచ్చాడు.

"ఈ రోజు పూర్వాభాద్ర. ధనిష్ఠ సగం నుంచి రేవతి దాకా ఈ ఐదు నక్షత్రాల్లో ఇంట్లో ఎవరన్నా పోతే, ఆ ఇల్లు నెలల తరబడి మూసెయ్యాల. ఆరు నెలలు వేసుకో."

"కింద పోర్షనే కదన్నా?"

"పునాది రెండా నీకు? నువ్వూ దిగాల్సిందే."

"వాళ్ళు క్రైస్తవులన్నా. వాళ్ళకివన్నీ ఉండవు."

"నీకూ నమ్మకం లేదనుకో. రేపు ఇల్లు చూసేదానికొచ్చేవాడికి ఉంటది గదా. ఊరంతా చెప్పుకుంటారు. ఏళ్ళ తరబడి ఎవడూ దిగడు."

ఉషారాణి గేటుకు తాళం వేసింది.

అంబులెన్సు పదకొండు దాటాక వచ్చింది. జయకుమార్ దిగి తాళం చూసినాడు. అతనికి వెంటనే అర్థం కాలేదు.

"అక్కా, గేటు తియ్యక్కా."

"మూడు రోజులు ఆసుపత్రిలోనే పెట్టుకోకూడదా అబ్బయ్యా?" అన్నాడు చంద్రమౌళి. "నక్షత్రం బాగలేదు."

"వాళ్ళే పంపించేసినారు సార్. అయినా మాకు నక్షత్రాలు లేవు."

"మీకు లేవబ్బయ్యా. ఇంటికుంటాయి."

డ్రైవరు హారను కొట్టాడు. వీధిలోవాళ్ళు బయటికొచ్చారు. లోపల స్ట్రెచరు మీది నుంచి ఎస్తేరమ్మ తల ఎత్తింది. "ఏంది ఉషమ్మా, తాళం? నా కొడుకు దొంగను గాని తెచ్చినాడా?"

ఎవరో నవ్వారు. ఇంతమంది చూస్తుండగా ఉషారాణి చెయ్యి తాళం మీద నిలవలేదు. తీసింది.

"తీసినావు. సరే," అన్నాడు చంద్రమౌళి, స్ట్రెచరు లోపలికి పోయాక. "ఇంక ఒకటే దారి. ఎల్లుండి పగలు పదకొండున్నరకు రేవతి వెళ్ళిపోతుంది. అందాకా ఆ ముసలామె పోకూడదు. ఆ తర్వాత ఎప్పుడు పోయినా నీకు పనిలేదు."

ఉషారాణి కిందికి వెళ్ళి మంచం పక్కన కూర్చుంది.

రెండు రోజులు మేడ మీదికి స్నానానికి తప్ప పోలేదు. గ్లూకోజు నీళ్ళు చెంచాతో పోసింది. అరికాళ్ళు రుద్దింది. ఆర్‌ఎంపీని తన డబ్బుతో పిలిపించి సెలైను పెట్టించింది. ఎస్తేరమ్మ కళ్ళు మూతపడితే చెంపలు తట్టింది, లేవకపోతే చెవి తమ్మె గిల్లింది.

"పెద్దమ్మా, కళ్ళు తెరువు. నాతో మాట్లాడు."

"నొప్పే తల్లీ. కడుపులో నిప్పు పోసినట్టుంది. పోనియ్యి నన్ను."

"అప్పుడేనా? ఇంకొంచెం తాగు."

"చాలు." ఎస్తేరమ్మ పళ్ళు బిగించింది. ఉషారాణి రెండు వేళ్ళతో ఆమె దవడలు నొక్కి నోరు తెరిపించి పోసింది. సగం మెడ మీదికి కారింది. మెల్లగా తుడిచింది. మళ్ళీ పోసింది.

ఫ్లోరా కంపెనీ నుంచి వచ్చి గడప దగ్గరే నిలబడి ఏడ్చింది. జయకుమార్ ఉషారాణి కాళ్ళకు దణ్ణం పెట్టబోయాడు. "కన్నకూతురు కూడా ఇంత చెయ్యదక్కా."

"అట్టా అనొద్దు," అంది ఆమె. గోడ గడియారం వైపు చూసింది.

మూడో రోజు ఎస్తేరమ్మ ఊపిరి గురగురలాడింది. ఉషారాణి ఆమెను లేపి తన భుజానికి ఆనించుకుని వీపు నిమురుతూ కూర్చుంది. పిట్టంత బరువు. పదిన్నర. పదకొండు. పదకొండూ పావు. అంతసేపూ ఆమె ముసలామె చెవిలో ఒకే మాట చెబుతూనే ఉంది. "నా మాట విను పెద్దమ్మా. పోవద్దు. నా మాట విను."

గోడ అవతల నుంచి చంద్రమౌళి కేక వేశాడు. "ఉషమ్మా! అశ్విని వచ్చేసింది. ఇంక పైకి పో."

ఆమె ఎస్తేరమ్మను దిండు మీద పడుకోబెట్టింది. "ఉషమ్మా, నీళ్ళు," అంది ఎస్తేరమ్మ.

"మీ కోడలు ఇస్తుంది," అని పైకి వెళ్ళిపోయింది.

ఎస్తేరమ్మ పోలేదు. మర్నాటికి కళ్ళు తేటపడ్డాయి. నాలుగో రోజుకు గంజి అడిగింది. వారానికి, ఉషమ్మ ఎందుకు దిగి రావడం లేదని అడిగింది.

"మరీ బాగా చేసినావమ్మా నువ్వు," అని చంద్రమౌళి పొట్ట పట్టుకుని నవ్వాడు. తర్వాత పంచాంగం తిప్పాడు. "ఇంకో పదిహేను రోజుల్లో మళ్ళీ ధనిష్ఠ. ఈసారి నాలుగున్నర రోజులు పూర్తిగా కాయాల. కాస్తావా?"

ఉషారాణికి తన చేతుల మీద ఆ ఎముకల బరువు గుర్తొచ్చింది. "కాయలేనన్నా," అంది.

రేవతి వెళ్ళిన పదహారో రోజున మోటారు కాలిపోయిందని కింద చెప్పింది. ఫ్లోరా వీధి పంపు నుంచి బిందెలు మోసింది. మంచం మీది బట్టలు రోజుకు నాలుగుసార్లు తడిసేవి. మర్నాటి సాయంత్రం జయకుమార్ మేడెక్కి వచ్చాడు.

"మెకానిక్కును నేను తెస్తానక్కా. డబ్బులు కూడా నేనే ఇస్తా."

"వద్దులే. వాడు వస్తానన్నాడు."

వంటింట్లో ఆమె తెరిచి మరిచిన పంపు కింద గిన్నె నిండి, నీళ్ళు తొట్టిలోకి పారుతున్న చప్పుడు ఇద్దరికీ వినిపించింది. జయకుమార్ అటు చూశాడు. తర్వాత ఆమె ముఖం చూశాడు.

"రేపు ఖాళీ చేస్తాం," అన్నాడు. మెట్లు దిగబోతూ ఆగాడు. "అమ్మకు చెప్పను. మీరు మంచోళ్ళనే అనుకోనీ."

మైపాడు దారిలో రొయ్యల గుంటల పక్కన మోటారు షెడ్డొకటి దొరికింది. మర్నాడు ఐస్ వ్యాను కడిగి, లోపల పరుపు వేసి ఎస్తేరమ్మను ఎక్కించారు. కడిగినా చేపల వాసన పోలేదు. ఆమె తలుపు వెయ్యనీకుండా పట్టుకుని, "ఉషమ్మను పిలవండి," అంది.

ఉషారాణి వచ్చింది. ఎస్తేరమ్మ ఆమె తల వంచమని, నడినెత్తిన చెయ్యి పెట్టింది. "ప్రభువా, ఈ బిడ్డ నన్ను చావు నోట్లోంచి లాగింది. పోవద్దని ఏడ్చింది. నేను మంచంలో పడితే ఎట్టా చూసిందో, ఈమె పడిన్నాడు ఈమెనూ అట్టాగే చూసేవాళ్ళనియ్యి."

ఫ్లోరా ఆమెన్ అంది. జయకుమార్ అనలేదు. వ్యాను తలుపు వేశాడు.

రెండో రోజు పొద్దున అతను గేటు దగ్గరికొచ్చాడు. లోపలికి రాలేదు.

"అమ్మ పోయింది. నాలుగింటికి సమాధి. మీ చేత్తో మట్టి వెయ్యాలని అడిగింది. నాకిష్టం లేదు. మాటిచ్చినాను గనక చెప్తండా."

అతను వెళ్ళాక చంద్రమౌళి పంచాంగం అక్కర్లేకుండానే చెప్పాడు. "పూర్వాషాఢ. ఏ దోషమూ లేదు. ధనిష్ఠకింకా రెండు రోజులు పైనే ఉంది. ఇక్కడ పోయినా ఏం అయ్యేది కాదు! తొందరపడినావమ్మా, అద్దె కూడా పోయింది." మళ్ళీ అన్నాడు. "సమాధికి పోబాక. పోతే మళ్ళీ ఇల్లడుగుతారు. బుచ్చిరెడ్డిపాలెం నుంచి ఒక జంటను రమ్మన్నాను, నాలుగింటికి."

ఉషారాణి మూడు గంటలకు స్నానం చేసి తెల్లచీర కట్టుకుంది. మూడున్నరకు చెప్పులు వేసుకుని గేటు దాకా వెళ్ళింది. మైపాడు ఆటో ఒకటి వచ్చి ఆగింది. ఎక్కుతావా అన్నట్టు డ్రైవరు చూశాడు. ఆమె చెయ్యి అడ్డంగా ఊపింది.

జంట వచ్చారు. భార్య గదులన్నీ తిరిగి చూసింది. మంచం ఉన్నచోట గచ్చు మీద నాలుగు మంచంకోళ్ళ మచ్చలున్నాయి. భర్త వాటినే చూస్తూ నిలబడ్డాడు.

"ఏమనుకోబాకండి మేడం. ఈ ఇంట్లో ఎవరన్నా పోయినారా?"

"లేదండీ," అంది ఉషారాణి. "ఎవరూ పోలేదు."

అప్పటికి నాలుగూ ఇరవై అయింది.