లెక్కకు రాని కవరు

పోలింగు మర్నాడు పొద్దున్నే నెడ్రా స్టాంపర్ ఓటు కవరు లాయిడ్ బల్ల మీదికి వచ్చింది. పేరు చదవకముందే చేతిరాత గుర్తుపట్టాడు. పదకొండేళ్ళయింది అక్క రాత చూసి.

గుర్తింపు కార్డు చూపని వాళ్ళ ఓటు పెట్టెలో పడదు. కవరులో పెట్టి, అంటించి, లాయిడ్ పనిచేసే కౌంటీ ఎన్నికల ఆఫీసుకు పంపుతారు. ఓటరు ఏడు రోజుల్లో కార్డు పట్టుకొస్తే తెరిచి లెక్కలో కలుపుతారు. రాకపోతే ఇక తెరిచే ప్రసక్తే లేదు. ఇరవై రెండు నెలలు భద్రంగా ఉంచి, ఆ తర్వాత ముక్కలు చేస్తారు. ఈ సంగతులన్నీ పాతికేళ్ళుగా ప్రతి కొత్త ఉద్యోగికీ నేర్పింది లాయిడే.

బర్చ్ ఫోర్క్ పోలింగు బూతులో కూర్చున్న పెద్దాయన ఫోను చేసి ఇంకో మాట చెప్పాడు. ఆవిడ కార్డు కారులోనే ఉందట. వెళ్ళి తెచ్చుకోమంటే, అక్కర్లేదు, కవరే ఇవ్వండి, ఆఫీసులో మా తమ్ముడు చూస్తాడులే అందట.

కవరు మీద ప్రస్తుత చిరునామా బర్చ్ ఫోర్క్. ఆఫీసుకు ఇరవై మైళ్ళు. పాత చిరునామా అన్న చోట కోల్ రన్ వీధి, పద్నాలుగో నంబరు అని రాసింది. అది అమ్మ ఇల్లు. అమ్మ చనిపోయిన ఏడాదే లాయిడ్ దాన్ని కొత్త రోడ్డుకి రాసిచ్చేశాడు. వద్దురా అని అక్క ఎంత మొత్తుకున్నా వినలేదు. అప్పట్నుంచీ ఇద్దరికీ మాటల్లేవు. ఇప్పుడు అక్కడ బొగ్గు లారీలు పోతుంటాయి. కింద ఫోను నంబరు గడి ఒకటుంది. నింపినా నింపకపోయినా ఫరవాలేని గడి. నెడ్రా దాన్ని పెద్దపెద్ద అంకెలతో, ఒక్కో అంకె విడివిడిగా, నింపింది.

కవరు మీది వివరం దేన్నీ సొంత పనికి వాడకూడదు. లాయిడ్ నంబరు రాసుకోలేదు. కానీ చదివిన కళ్ళను ఏం చేస్తాడు? మధ్యాహ్నానికి కంఠతా వచ్చేసింది.

కవరును భద్రపరిచే గదిలో పెట్టడానికి తోటి ఉద్యోగి గ్లెన్నాను పిలిచాడు. ఆ గదికి రెండు తాళాలు. ఏ పార్టీ ఒక్కటే తెరవకుండా, ఒక పార్టీ తరఫు తాళంచెవి లాయిడ్ దగ్గర, రెండో పార్టీ తరఫుది గ్లెన్నా దగ్గర. ఇద్దరూ ఉంటేనే తలుపు తెరుచుకుంటుంది. ఇంకోసారి ఆ రాత చూడాలనిపించినా తానొక్కడే చూడలేడు.

ఆ ఏడు రోజులూ లాయిడ్ కౌంటరు వదల్లేదు. చిక్కుడుగింజల కూర, మొక్కజొన్న రొట్టె అక్కడే నిలబడి తిన్నాడు. తలుపు చప్పుడైతే చాలు, ప్రాణం లేచొచ్చేది. తీరా చూస్తే ఎవరో కుక్క లైసెన్సు కోసం గది తప్పి వచ్చినవాళ్ళు.

"ఆ కౌంటరుని పెళ్ళి చేసుకున్నావేంటి? మీ అక్కకి ఫోను చెయ్యి, మహానుభావా. నేను చూడనట్టే ఉంటాలే," అంది గ్లెన్నా.

చెయ్యలేదు. నిబంధన ఒప్పుకోదన్నాడు. నిజమే, ఒప్పుకోదు. అయితే పదకొండేళ్ళ తర్వాత అక్క గొంతు వినడానికి భయం వేసిందన్నది అంతకన్నా నిజం. నిబంధన చాటున దాక్కోవడం అతనికి బాగా అలవాటు. అమ్మ ఇల్లు ఇచ్చేసిన రోజూ, చట్ట ప్రకారమే చేశానన్నాడు.

ఏడో రోజు అయిదు కొట్టింది. నెడ్రా రాలేదు. మర్నాడు ఎన్నికల బోర్డు ముందు ఆమె పేరు చదివి, కార్డు చూపలేదు, తిరస్కరించాలి అని చెప్పినవాడు లాయిడే.

ఆ మధ్యాహ్నమే ఫోను మోగింది. ఓటు ఏమైందో ఓటరు తెలుసుకోవడానికి బూతులో చీటీ ఇస్తారు. ఆ చీటీ మీద ఉండేది లాయిడ్ బల్ల మీది ఫోను నంబరే.

"నా ఓటు లెక్కలోకి వచ్చిందా?" అంది అవతలి గొంతు. కాస్త బొంగురుపోయింది, అంతే తేడా.

చీటీ నంబరు అడిగాడు. చెప్పింది.

"లేదండీ. కార్డు చూపించలేదు కనుక లెక్కించలేదు," అన్నాడు లాయిడ్. సొంత అక్కను అండీ అన్నందుకు సిగ్గేసింది.



"ఫోను నంబరు రాశాను కదరా."

"చూశానక్కా."

"ఏడు రోజులు ఫోను పక్కనే కూర్చున్నాను. స్నానానికి వెళ్ళినా తలుపు తీసే ఉంచాను."

"కవరు మీది నంబరు మేం వాడకూడదక్కా. నువ్వే వస్తావని నేనిక్కడ..." ఎదురు బల్ల దగ్గర గ్లెన్నా ఫైళ్ళు సర్దుతున్నట్టు తల దించుకుంది.

నెడ్రా తిడుతుందనుకున్నాడు. ఏడుస్తుందనుకున్నాడు. ఆమె ముక్కు చీదింది.

"పెన్నుందా? ఇప్పుడు నా నోటితో చెబుతున్నాను, రాసుకో. ఇది ఏ కవరు మీదిదీ కాదు."

ఒక్కో అంకె చెప్పింది. వారం రోజులుగా నిద్రలో కూడా తప్పకుండా చెప్పగల ఆ పది అంకెలనూ లాయిడ్ ఒక్కొక్కటే అడిగి, తిరిగి చదివి, ఎప్పుడూ విననివాడిలా రాసుకున్నాడు.