గేటు దగ్గర ఎర్రలైటు

నేను ఒక ఊపిరి పరీక్ష యంత్రాన్ని. అరచేతిలో ఇమిడేంత నల్లటి పెట్టెను. పైన ప్లాస్టిక్ గొట్టం దూర్చే కన్నం, పక్కన రెండు లైట్లు. ఆ గొట్టంలోకి ఊదిన మనిషి ఊపిరిలో మద్యం లేకపోతే పచ్చలైటు వెలుగుతుంది, ఉంటే ఎర్రలైటు. నాకు చేతనైంది ఇంతే. ఎందుకు తాగాడు, ఇంట్లో ఎవరున్నారు, మానేద్దామని ఎన్నిసార్లు అనుకున్నాడు, ఇవేవీ నాకు తెలియవు. నన్ను తయారుచేసినవాళ్లు వాటికి లైట్లు పెట్టలేదు.

ఫ్యాక్టరీలో నా తీగలు అతికిన అమ్మాయే నన్ను మొదట ఊది చూసింది. పచ్చలైటు వెలగ్గానే పరీక్ష పాసైనంత సంబరపడి నన్ను అట్టపెట్టెలో పెట్టింది. లోకంలో అందరి ఊపిరీ అలాగే ఉంటుందని కొన్నాళ్లు నమ్మాను.

హైదరాబాదు శివార్లలోని ఒక కంటోన్మెంటులో, సైనిక ట్యాంకులూ లారీలూ బాగుచేసే వర్క్‌షాపు వాళ్లు నన్ను కొన్నారు. అక్కడ యూనిఫాం వేసుకునేవాళ్లు కొద్దిమందే. ఫిట్టర్లు, వెల్డర్లు, క్రేన్ నడిపేవాళ్లు అందరూ మామూలు ఉద్యోగులు. ఒకతను మత్తులో లేత్ మిషను మీదికి తూలబోయాడట, ఆ భయంతో నన్ను తెప్పించారు. అదే ప్రహరీ లోపల క్యాంటీనులో మాజీ సైనికులకు రమ్ము చవకగా అమ్ముతారు. అమ్మడానికొక కిటికీ, పట్టుకోవడానికి నేను. మనుషుల ఏర్పాట్లు ఇలాగే ఉంటాయని మెల్లగా అర్థమైంది.

నన్ను గేటు కాపలా చూసే సింహాచలం చేతికిచ్చారు. శ్రీకాకుళం వైపు మనిషి, సుబేదారుగా రిటైరై కాంట్రాక్టు మీద ఈ పనిలో చేరాడు. చొక్కా మడత నలగదు, గడ్డం మాసి కనబడదు. పొద్దున్నే వరుసలో ఒక్కొక్కరి నోటి దగ్గర నన్ను పెట్టేవాడు. ఎర్రలైటు వెలిగితే ఆ మనిషి పేరు గేటు అవతలికి వినబడేలా పిలిచి, షిఫ్టు అంతా లోపలికి వెళ్లేదాకా జెండా స్తంభం పక్కన నిలబెట్టేవాడు. ఆ తర్వాత జీతం కోసి ఇంటికి పంపేవాడు. దాంతో తాగుడు తగ్గలేదు, తెలివి పెరిగింది. కొందరు గేటు దాటాక తాగడం నేర్చుకున్నారు. ఇంకొందరు యాలకులు నములుతూ వచ్చేవారు. యాలకులతో నాకు పనేమిటో వాళ్లకే తెలియాలి.

ఇమ్మానుయేలు క్రేన్ ఆపరేటరు. ట్యాంకు ఇంజన్ను పైనుంచి దించి, ఇనుప స్టాండు మీద చప్పుడు కాకుండా కూర్చోబెట్టగలడని అందరూ చెప్పుకునేవారు. కింద నిలబడి ఆ ఇంజన్ను సరిచేసి బోల్టులు బిగించే ఫిట్టరు రాజలింగం. ఇద్దరూ ఒకే బ్యాచిలో చేరారు, ఒకే డబ్బాలో తినేవారు. ఇమ్మానుయేలుకు కొన్నేళ్లుగా పొద్దున లేస్తే చేతులు వణికేవి, గుక్కెడు పడితేగానీ ఆగేవి కావు. ఒక రోజు నా ఎర్రలైటు వెలిగింది. సింహాచలం పేరు పిలిచాడు. ఇమ్మానుయేలు వెళ్లి జెండా దగ్గర నిలబడ్డాడు. రాజలింగం వరుస వదిలి అతని పక్కన నిలబడ్డాడు. తమాషా చూస్తున్నవాళ్లు తల తిప్పుకున్నారు. నాకు అప్పటిదాకా లేని ఒక భావం కలిగింది. అది సిగ్గని తర్వాత తెలుసుకున్నాను.

ఆ ఏడే కొత్తగా వచ్చిన కర్నల్ రెండు మంచి పనులు చేశాడు. గేటు దగ్గర పరీక్షించేవాడే అందరి ముందూ మొదట ఊదాలని ఆజ్ఞ వేశాడు. తాగుడు మానుకోవాలనుకునేవాళ్లకు సాయం చేయడానికి ప్రసూన అనే కౌన్సెలర్‌ను నియమించాడు. తనంతట తాను వచ్చి అడిగినవాడి ఉద్యోగం పోదనీ, వైద్యానికి సెలవిస్తారనీ చెప్పించాడు. కానీ ఆమెకిచ్చిన గది క్యాంటీను పక్కది. తలుపు మీద పెద్ద అక్షరాల బోర్డు, ఎదురుగా టీ కోసం నిలబడ్డ జనం. ఇమ్మానుయేలు ఒకసారి ఆ తలుపుదాకా వెళ్లాడట. టీ దగ్గరి ముఖాలన్నీ తనవైపు తిరగడం చూసి, అగ్గిపెట్టె ఉందా అని ఎవరినో అడిగి వెనక్కొచ్చేశాడట.

ఇక ఆ రోజు గురించి చెప్పాలి. సింహాచలం అందరికంటే ముందు వచ్చాడు. సొరుగు తెరిచి నన్ను తీశాడు. అటూ ఇటూ చూసి, కొత్త గొట్టం తగిలించి ఊదాడు. ఎర్రలైటు. కుళాయి దగ్గరికి పోయి నోరు పుక్కిలించి మళ్లీ ఊదాడు. ఎర్రలైటే. భార్య పోయినప్పటి నుంచి అతని సాయంత్రాలు ఎలా గడుస్తున్నాయో నాకప్పుడు తెలియదు. కాసేపటికి నన్ను సొరుగులో పెట్టి తాళం వేశాడు. వరుస చేరాక అతని గొంతు ఎప్పటిలాగే గట్టిగా వినిపించింది. మిషను పాడైంది, ఈ పొద్దు పరీక్ష లేదు, పొండి అన్నాడు. ఎవరో ఈల వేశారు. అడుగుల చప్పుడు నా ముందునుంచి లోపలికి సాగిపోయింది. అందులో ఇమ్మానుయేలు అడుగులు కూడా ఉన్నాయి.

మధ్యాహ్నం కాకముందే సైరన్ మోగింది. ఇంజను దించుతుండగా ఇమ్మానుయేలు చేయి క్రేన్ లీవరు మీద తడబడింది. కొక్కెం కుదుపుకు ఇంజను ఊగి, దానికీ స్టాండుకూ మధ్య రాజలింగం కాలు నలిగింది. అంబులెన్సు గేటు దాటుతున్నప్పుడు సింహాచలం సెల్యూట్ కోసం చేయెత్తి, మధ్యలో దించేశాడని పక్కనున్న కాపలావాళ్లు చెప్పుకున్నారు. నేను చీకటి సొరుగులో ఏ లోపమూ లేకుండా పడి ఉన్నాను.

విచారణ రోజున నన్ను కర్నల్ బల్ల మీద పెట్టారు. ఇమ్మానుయేలు రక్తంలో మద్యం ఉన్నట్టు ఆసుపత్రి పరీక్షలో అప్పటికే తేలింది. ఆ పొద్దున ఎందుకు పరీక్షించలేదన్నదే ప్రశ్న. మెకానిక్ నా స్విచ్ నొక్కితే శుభ్రంగా పనిచేశాను. తేమకు ఆగిపోయి తర్వాత దానంతటదే బాగుపడి ఉంటుందని ఎవరో అన్నారు. అందరికీ ఆ మాట నచ్చింది. ఇమ్మానుయేలు తలెత్తకుండానే మాట్లాడాడు.

“తప్పు నాది సార్. మిషను ఉన్నా లేకున్నా, తాగి క్రేన్ ఎక్కింది నేనే.”

అంతటితో విచారణ ముగిసేదే. కాగితాలు సర్దుతున్నారు కూడా. సింహాచలం అటెన్షన్‌లో నిలబడి హిందీలో ఏదో మొదలుపెట్టాడు. రెండు మాటలకే హిందీ జారిపోయి సొంత ఊరి మాట వచ్చేసింది.

“మిషను పాడవనేదు సార్. ఎర్రలైటు నాకే ఎలిగింది. పదిమంది ముందు ఊదలేక దాన్ని సొరుగులో దాసీసినాను. ఈళ్లందరి పేర్లూ అరిసినోడిని, నా పేరు నాను అరుసుకోనేకపోయాను.”

కర్నల్ నన్ను చేతిలోకి తీసుకుని, చూడటానికి ఏమీ లేకపోయినా చాలాసేపు చూశాడు. ఆ తర్వాత ప్రసూనను పిలిపించి, ఇన్ని నెలల్లో మీ దగ్గరికి ఎంతమంది వచ్చారని అడిగాడు. ఒక్కరూ రాలేదని చెప్పిందామె. “సాయం అడగడానికి వచ్చేవాణ్ణి అందరూ చూస్తారు సార్. జెండా దగ్గర నిలబడ్డా, నా గుమ్మంలో నిలబడ్డా వాళ్లకు ఒకటే.” ఆ గదిని ఎంపిక చేసింది తానేనని కర్నల్ ఒప్పుకున్నాడు. ఆ మాట అంటున్నప్పుడు అతని ముఖం ఎర్రబడింది.

ఇమ్మానుయేలును సస్పెండ్ చేశారు, అయితే ఆసుపత్రిలో చేర్పించారు. చాలా కాలానికి తిరిగొచ్చాక స్టోరులో పని ఇచ్చారు, క్రేను మాత్రం మళ్లీ ఎక్కనివ్వలేదు. మధ్యలో ఒకసారి జారి మళ్లీ తాగాడు కూడా. సింహాచలం గేటు పని పోయింది. అతను కాంట్రాక్టు మనిషి, వైద్యం ఇవ్వనక్కర్లేదని ఆఫీసువాళ్లు అంటే ప్రసూన పట్టుబట్టి ఇప్పించింది. ఆమె గదిని డిస్పెన్సరీ వెనక్కి మార్చారు. జ్వరానికి వచ్చేవాడూ బీపీ చూపించుకునేవాడూ అదే వరండాలో కూర్చుంటారు కాబట్టి ఎవరు దేనికొచ్చారో తెలియదు. గేటుకు వేరే యంత్రం వచ్చింది, పేర్లు పిలవడం మానేశారు. నేను ప్రసూన బల్ల మీదికి చేరాను. ఇక్కడ నా గొట్టంలో ఊదేవాళ్లు తమంతట తామే ఊదుతారు. ఈ గదిలో విన్నది బయటికి పొక్కకూడదన్నది ఆమె నియమం. అందుకే మీకు చెప్పిన పేర్లేవీ అసలువి కావు.

మొన్న వానాకాలంలో ఒక సాయంత్రం వరండా బెంచీ మీద ఆ చివర సింహాచలం, ఈ చివర ఇమ్మానుయేలు కూర్చున్నారు. ఎన్నోసార్లు అలా కూర్చున్నారు, ఒక్కసారీ మాట్లాడుకోలేదు. ఇమ్మానుయేలు అతనివైపు చూసేవాడే కాదు. అప్పుడే చేతికర్ర చప్పుడుతో రాజలింగం వచ్చాడు. అతని కాలు నిలబడింది గానీ మోకాలు వంగదు. ఇమ్మానుయేలు గబుక్కున లేచాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో అతనికి తెలియలేదు. ప్రసూన తలుపు తెరిచే ఉంది కాబట్టి నాకంతా కనబడింది, వినబడింది.

“లింగం, నీ కాలు…”

“కాలు సంగతి ఎత్తకు. నేను వచ్చింది నాకు నిద్ర పడ్తలేదని.” రాజలింగం కర్ర మీద బరువు మార్చుకున్నాడు. “ఆ పొద్దుగాల నీ నోట్ల వాసన నాకొచ్చింది ఇమ్మానుయేలూ. చెప్తే అందర్ల నీ ఇజ్జత్ తీస్తరని ఊకున్న. ఊకుండి పోయి కొక్కెం కింద నిలబడ్డ. నీ అంత తప్పు నాది గూడ ఉన్నది.”

రాజలింగం ఇమ్మానుయేలు భుజం మీద ఒక్క క్షణం చేయి వేసి, కర్ర ఊనుకుంటూ లోపలికొచ్చి ప్రసూన ఎదుట కూర్చున్నాడు. ఆమె నన్ను పక్కకు జరిపి, అతను మాట్లాడటం మొదలుపెట్టేదాకా ఎదురు చూసింది.

బయట ఇమ్మానుయేలు మళ్లీ బెంచీ మీద కూలబడి రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. కాసేపటికి సింహాచలం లేచాడు. డిస్పెన్సరీ కుండలోంచి గ్లాసుతో నీళ్లు ముంచి తెచ్చి, ఒక్క మాటా లేకుండా అతని ముందు పట్టుకుని నిలబడ్డాడు. ఇమ్మానుయేలు తలెత్తి అతని ముఖంలోకి చూశాడు. గ్లాసు అందుకుని, నీళ్లు తాగి, అతను కూర్చోవడానికి వీలుగా కొంచెం పక్కకు జరిగాడు.