రెండు చుక్కల మధ్య సందు

సకల జనుల సమ్మె మొదలై ఇరవై రోజులైంది. కాలేజీ బంద్, బస్సులు బంద్. మా ఊరు ఇబ్రహీంపూర్ పోలేక సిద్దిపేటలో మా కిరాయి గదిలోనే ఉండిపోయాను. కింద ఇంటి ఓనరు ఇబ్రహీం చాచా రిపేరు దుకాణం ఉంది. పొద్దునపూట అక్కడ స్టూలు మీద కూర్చుని, చాచా విప్పిన ప్రతి సామానునూ డైరీలో బొమ్మ గీసుకునేదాన్ని. తిరిగి బిగించేటప్పుడు చాచా ఆ బొమ్మలు చూసేవాడు. సీసం కరిగించే సోల్డరింగ్ ఐరన్ మాత్రం నా చేతికి ఇచ్చేవాడు కాదు. అడగడానికి నాకు నోరు వచ్చేది కాదు.

ఆ రోజు బస్టాండు దగ్గర వీడియో గేముల దుకాణం నడిపే అర్షద్ భాయ్ వచ్చాడు. బడులు లేక పిల్లలంతా అతని దుకాణంలోనే ఉంటున్నారు. అతని మిషన్లలో ఒకటి డిస్కు చదవడం మానేసింది. సమ్మెకు ముందు హైదరాబాద్ నుంచి తెప్పించిన కొత్త లెన్సును చాచా నిన్ననే బిగించాడు. అయినా డిస్కు కదలలేదు.

"లెన్సే ఖరాబున్నది," అన్నాడు చాచా. "ఇంకోటి తేవాలంటే బస్సులు నడవాలె."

"టేపురికార్డర్లు బాగు చేసే చేతికి గిది రాదని చెప్పరాదా చాచా," అన్నాడు అర్షద్ భాయ్.

చాచా లెన్సు విప్పి చెత్త డబ్బా వైపు చేయి చాపాడు.

నిన్న పాత లెన్సు విప్పినప్పుడు నేను గీసిన బొమ్మలో, లెన్సు అడుగున పక్కపక్కనే రెండు సీసం చుక్కలున్నాయి. మధ్యలో వెంట్రుకంత సందు. కొత్తదానికి అదే జాగలో ఒకటే పెద్ద చుక్క. చెబితే అర్షద్ భాయ్ ముందు చాచాను తప్పుపట్టినట్టవుతుంది. చెప్పకపోతే మంచి లెన్సు చెత్తలో పడుతుంది. డైరీ తెరిచి చాచా ముందు పెట్టాను.

"గిదేంది బేటీ?"

"దీనికి... రెండున్నయి చాచా. దానికి ఒకటే ఉన్నది."

చాచా చెత్తలోంచి పాత లెన్సు వెతికి, రెండింటినీ కళ్ళద్దాల దగ్గర పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"దారిల ఖరాబు గావద్దని రెండు చుక్కలు కలిపి పంపిన్రు, బిగించేముందు ఇడదియ్యాలె. తాళం తియ్యకుంటనే తలుపు నూకుతున్నం మనం."

సోల్డరింగ్ ఐరన్ పిడి నా వైపు తిప్పాడు.

"నా కండ్లకు గా సందు ఆనుతలేదు. నువ్వే తియ్."

"చాచా, గది రొట్టె గాల్చుడు గాదు," అన్నాడు అర్షద్ భాయ్.

"అవ్. నువ్వు జర సప్పుడు చెయ్యకు. పన్నెండుకు కరెంటు పోతది."

ఇంకా పది నిమిషాలుంది. సన్నని రాగి తీగల అల్లికను చుక్క మీద పెట్టి, పైన ఐరన్ ఆనించాను. ఎక్కువసేపు ఉంచితే లెన్సు మాడిపోతుంది. ఒకటి, రెండు అని మనసులో లెక్కపెట్టాను. సన్నగా పొగ లేచింది. సీసం రాగిలోకి పాకింది. తీసి చూస్తే రెండు చుక్కలు, మధ్యలో సందు. అచ్చం నా బొమ్మలోలాగే.

చాచా లెన్సు బిగించాడు. డిస్కు గిర్రున తిరిగింది. టీవీలో రేసు కార్లు వరుసగా నిలబడ్డాయి. అర్షద్ భాయ్ లేచి జాయ్‌స్టిక్ అందుకున్నాడు. మొదటి మలుపు తిప్పాడో లేదో కరెంటు పోయింది. నల్లటి తెరను చూస్తూ ముగ్గురం నవ్వాం.

"ఇంకో మిషన్ గూడ సతాయిస్తుంది. తేవాల్నా చాచా?"

"నన్నడుగుతవేంది? చేసిన పిల్ల గీడున్నది."

అర్షద్ భాయ్ నా వైపు తిరిగాడు. ఎప్పటిలాగే తల దించుకోబోయాను. ఐరన్ ఇంకా నా చేతిలోనే ఉంది, వేడిగా.

"రేపు పొద్దుగాల తీస్కరాండ్రి అన్నా. పన్నెండు గాకముందే."