గడప బయటి చెంబు

గోదారి గట్టు తెగి లంకలు మునిగిన ఏడు జరిగింది ఇది. నేను ఒక ఇత్తడి చెంబుని. కంచరి సుత్తి దెబ్బలు తిని ఈ రూపానికొచ్చాను. దెబ్బలు పడితే దేనికైనా ఒక రూపు వస్తుందని అప్పట్లో అనుకునేదాన్ని. పోలీసులూ అలాగే అనుకుంటారు.

మంగాయమ్మ నన్ను పుట్టింటి సారెలో తెచ్చుకుంది. ఆమె మొగుడు నూకరాజు హెడ్డు కానిస్టేబులు. శవ పంచనామాకి వెళ్ళొచ్చిన రోజున అతను గడప దాటడు. వాకిట్లో నిలబడితే మంగాయమ్మ నాతో నెత్తిన నీళ్ళు పోస్తుంది. అప్పుడు లోపలికెళ్ళి అన్నం తింటాడు. ఉరేసుకున్నవాళ్ళు, కాలిపోయినవాళ్ళు, అందరినీ నేనే కడిగేశాను. స్టేషన్లో ఎవణ్ణైనా కొట్టొచ్చిన రోజున మాత్రం నేరుగా లోపలికే వెళ్ళేవాడు. బతికున్నవాడికి మైల లేదు కదా.

నిద్రలో పళ్ళు కొరుకుతాడని మంగాయమ్మ పక్కింటావిడతో అనేది.

వరద తీశాక, లంకలో పాకేసుకుని ఉండే పోలయ్య కూతురి శవం రెల్లుగడ్డిలో దొరికింది. ఆ రోజూ నేను నీళ్ళు పోశాను. పిల్ల కనపడకుండా పోయే ముందురోజు తండ్రి ఆమెని తిట్టాడని ఊరు చెప్పింది. ఎస్సై గారు పోలయ్యని పట్టుకు రమ్మన్నారు. కొట్టమన్నది ఆయన. కొట్టింది నూకరాజు. బంధువులు పిల్లకి ఆఖరి నీళ్ళు పోసి పూడ్చేసేటప్పుడు తండ్రి లాకప్పులో ఉన్నాడు.

ఆ తర్వాత, అవతలి ఒడ్డున చిక్కుకుపోయిన పడవవాడు వచ్చాడు. గట్టు విరిగి పిల్ల నీళ్ళలో పడిపోవడం కళ్ళారా చూశానన్నాడు. పోలయ్యని వదిలేశారు.

ఆ సాయంత్రం నూకరాజు వాకిట్లో ఆగిపోయాడు.

"నీళ్ళు పొయ్యవే."

"ఇవాళ శవం లేదు కదండీ?"

"లేదు."

"మరెందుకండీ, సందేళ నెత్తిమీద? జొరమొచ్చెయ్యగల్దు."

"పొయ్యమన్నానా!"

పోసింది. ఇంకా పొయ్యమన్నాడు. గోలెం అడుగు తగిలింది నాకు. అతను కదల్లేదు. అన్నానికి లోపలికి రాకుండా అరుగుమీదే పడుకున్నాడు. నేను అంత బాగా కడక్కపోయి ఉంటే ఈ మనిషి ఎప్పుడో ఆగేవాడేమో.

మర్నాడు పొద్దున్నే నన్ను నింపి పట్టుకుని పోలయ్య పాకకి వెళ్ళాడు. ఒంటిమీద యూనిఫారం లేదు. అయినా పోలయ్య బెదిరి లేవబోయాడు.

"కూకో పోలయ్యా. నీళ్ళు తెచ్చాను." నన్ను ముందుకు చాపాడు.

పోలయ్య నాకేసి చూశాడు. "నాకెందుకు బాబూ. నా పిల్లకి నేను నీళ్ళు పొయ్యలేదు."

ఇద్దరూ పిల్లని పూడ్చిన దిబ్బకి నడిచారు. పోలయ్య వాచిన వేళ్ళకి నా మీద పట్టు చిక్కలేదు. నూకరాజు కిందనుంచి పట్టుకున్నాడు, పోలయ్య వంచాడు. ఉన్నదంతా మట్టి తాగేసింది.

"ఇక నువ్వెళ్ళు బాబూ" అన్నాడు పోలయ్య.

ఇంటికొచ్చాక మంగాయమ్మ నన్ను అందుకుని గబగబా నింపింది. అతని కాళ్ళకున్న దిబ్బమట్టి చూసి, "అక్కడే ఆగండి" అంది.

"వద్దులే."

నేను నిండుగా ఆమె చేతిలోనే ఉన్నాను. అతను ఆ కాళ్ళతోనే గడప దాటాడు.