చీటీ లాంటిదే

శుక్రవారం పొద్దున పదకొండు దాటేసరికి త్రిపురసుందరి ఫోను పద్నాలుగోసారి మోగింది. ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర మిఠాయి దుకాణం పై అంతస్తులో ఉన్న మ్యూచువల్ ఫండ్ల ఏజెన్సీ ఆఫీసులో ఆమెతో పాటు ఇంకో ఆరుగురు ఏజెంట్లు ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. అందరి ఫోన్లూ మోగుతూనే ఉన్నాయి. గోడ మీది టీవీలో షేర్ మార్కెట్ అంకెలన్నీ ఎర్రగా ఉన్నాయి. ఐదు నెలలుగా ఎర్రగానే ఉంటున్నాయి గానీ, ఇవాళ్టి ఎరుపు చూసి చాయ్ తెచ్చిన మనిషి కూడా గ్లాసులు పంచడం మరిచిపోయి నిలబడిపోయాడు.

ఏజెన్సీ యజమాని చంద్రశేఖర్ మాత్రం నిబ్బరంగానే ఉన్నాడు. ముంబైలో కూర్చునే ఫండు మేనేజరు పొద్దున్నే పంపిన వీడియోని అందరికీ వేసి చూపించాడు. మార్కెట్లు పడతాయి, లేస్తాయి, ఓపిక ఉన్నవాళ్ళకే లాభం అని ఆ మేనేజరు ఇంగ్లీషులో చాలా శాంతంగా చెప్పాడు. ఓపిక గురించి అంత చక్కగా మాట్లాడే మనిషికి నెలకెంత ముడుతుందో ఆ గదిలో ఎవరికీ తెలియదు. వీడియో అయ్యాక చంద్రశేఖర్ అసలు సంగతికొచ్చాడు. ఫండులో నెలనెలా వేసే వాయిదాని వాళ్ళు సిప్ అంటారు. ఇకమీదట ఎవరి చేతికింద ఇంకొక్క సిప్పు ఆగినా ఆ నెల వాళ్ళ జీతం తొమ్మిది వేలూ కట్. పైగా మార్చి పదో తారీకులోపు తలా ఐదు కొత్త ఫారాలు తేవాలి.

తొమ్మిది వేలంటే సుందరికి నాచారంలో ఇంటి అద్దె ఏడు వేలు, గ్యాసు, పాలు. భర్త త్రిమూర్తులు పని చేసిన నూలు మిల్లు మూతపడి పదేళ్ళవుతోంది. ఇప్పుడు ఏదో అపార్టుమెంటులో మోటారు వేసి, ఆపి, కార్లు కడుగుతాడు. అతని సంపాదన అతని షుగరు మాత్రలకీ ఊళ్ళో అత్తగారికి పంపడానికీ సరి. తుని నుంచి పెళ్ళి చేసుకుని వచ్చిన నాటి నుంచీ ఆ ఇంట్లో మిగులు అనే మాట సుందరి ఎప్పుడూ వినలేదు. ఊరందరికీ పొదుపు చెయ్యమని చెప్పే ఆమె పేరు మీద ఒక్క ఫండూ లేదు.

మీటింగ్ అయ్యాక చంద్రశేఖర్ ఆమెని ఆపాడు. మల్లాపూర్ మూతల ఫ్యాక్టరీలో ఆమె చేర్పించిన ఆడవాళ్ళు పన్నెండు మంది. అందులో వెంకటనర్సమ్మ ఈ వారమే డబ్బు తీసేసుకుంది. మిగిలిన పదకొండు మందీ కదలకుండా చూసుకోవడం ఇప్పుడు సుందరి పని. సుందరి కాసేపు తటపటాయించి, నిన్న సాయంత్రం నర్సమ్మ ఫోన్లో అన్న మాట చెప్పింది. తనకి తక్కువొచ్చిన డబ్బు తోటివాళ్ళకి పంపకమై ఉంటుందని ఆవిడ అనుకుంటోంది. ఆ మాత్రం ధైర్యంతోనే ఉంది.

చంద్రశేఖర్ నవ్వలేదు. కాస్త ఆలోచించి, "మంచిగనే అయింది గదా మేడం," అన్నాడు. "గట్లనే అనుకోనియ్యిండ్రి. ఆమెకు నిమ్మలం, మనకు నిమ్మలం."

సుందరి మెట్లు దిగి నాచారం మీదుగా మల్లాపూర్ వెళ్ళే షేర్ ఆటో ఎక్కింది. చంద్రశేఖర్ చెప్పినదాంట్లో ఆమెకి తప్పేమీ కనబడలేదు. అదే ఆమెని బాధపెట్టింది.

ఆ మాట పుట్టించింది ఆమే మరి.

మల్లాపూర్‌లో మందు సీసాల మూతలు పోసే ఫ్యాక్టరీ అది. ఆడవాళ్ళు బల్ల ముందు నిలబడి పగిలిన మూతల్ని ఏరతారు. రోజుకి నాలుగు వందల యాభై. ఆ బల్ల దగ్గర పదకొండేళ్ళ పాటు ఒక చీటీ నడిచింది. నెలనెలా అందరూ వేస్తారు. అవసరం పడ్డామె పాట పాడి, కొంత వదులుకుని, ముందుగా ఎత్తుకుంటుంది. వదులుకున్నది మిగతావాళ్ళు పంచుకుంటారు. అందుకని నష్టపోయినామెకి కూడా కడుపు మండదు. తను పోగొట్టుకున్నది పక్కన నిలబడ్డ మనిషి ఇంట్లో బియ్యమైందని ఆమెకి తెలుసు. పైగా అక్కడ ఒక పద్ధతుంది. చీటీ ఎత్తినామె ఆ రోజు మధ్యాహ్నం అందరికీ ఏదో ఒకటి చేసుకొచ్చి తినిపించాలి.

నిరుడు ఫిబ్రవరిలో ఆ చీటీ నడిపే సూపర్‌వైజరు భార్య ఊరు మారిపోయింది. ఆ సందులో సుందరి అడుగుపెట్టింది. మూడు వారాలు గేటు దగ్గర నిలబడి షేర్లనీ యూనిట్లనీ చెప్పింది. ఎవరికీ ఎక్కలేదు. చివరికి ఒక రోజు ఎండకి తల తిరిగి, విసిగి, "చీటీ లాంటిదేనమ్మా, కాకపోతే కొంచెం పెద్దది," అనేసింది. ఆ సాయంత్రానికల్లా పన్నెండు ఆధార్ జిరాక్సులు ఆమె సంచిలో పడ్డాయి. చంద్రశేఖర్ కింద దుకాణం నుంచి పావుకిలో మైసూర్‌పాక్ తెప్పించాడు.

నర్సమ్మ నెలకి నాలుగు వేలు వేసింది. పాత చీటీలో చివరగా వచ్చిన ముప్పై వేలు ఆగస్టులో ఒక్కసారిగా వేసింది. అప్పుడు ఫండు బాగా పెరిగి ఉంది, అందరూ అప్పుడే వేస్తున్నారు. ఆవిడ కూడబెడుతున్నది ఒక టిఫిను బండి కోసం. యాభై రెండేళ్ళు. కుడి భుజం లేవడం లేదు. మూతలు ఏరే మిషను వస్తోందనీ, ఏప్రిల్ నుంచి యాభై దాటినవాళ్ళు రానక్కర్లేదనీ ఫ్యాక్టరీలో చెప్పేశారు. ఉప్పల్ మెట్రో స్తంభాల కింద బసవరాజు అనే ఆయన తన బండిని పొయ్యితో, పెనంతో, నిలబెట్టే జాగాతో సహా ఎనభై అయిదు వేలకి అమ్ముతానన్నాడు. పది వేలు బయానా తీసుకున్నాడు. మిగతా డెబ్బై అయిదు ఫిబ్రవరి ఆఖరి శుక్రవారం పొద్దున పదింటికల్లా చేతిలో పెట్టాలి.

జనవరి మొదటి వారంలోనే నర్సమ్మ తీసేస్తానంది. అప్పటికి వేసినది డెబ్బై వేలు, ఉన్నది డెబ్బై ఒక్క వేలు. సుందరి ఆపింది. ఫిబ్రవరి దాకా టైముంది కదక్కా, ఈలోగా ఇంకాస్త లేస్తుంది, తొందరెందుకంది. ఆ నెల కూడా సిప్పులు ఆగకూడదని చంద్రశేఖర్ చెప్పి ఉన్నాడు. నర్సమ్మ ఆగింది. ఆగి ఇంకో ఎనిమిది వేలు వేసింది. మొత్తం డెబ్బై ఎనిమిది వేలు వేసిన మనిషికి, శివరాత్రి సెలవు అడ్డొచ్చి, నిన్న గురువారం నాడు బ్యాంకులో పడింది అరవై మూడు వేల మూడు వందల నలభై.

సుందరి ఆటో దిగేసరికి ఒంటిగంట బెల్లు కొట్టారు. గోడ పక్కన రేకుల నీడలో ఆడవాళ్ళు డబ్బాలు విప్పుకుని కూర్చున్నారు. తల్లడిల్లి ఉంటారని ఆమె భయపడుతూ వచ్చింది. కానీ అక్కడ ఎవరూ గొడవగా లేరు. మధ్యలో నర్సమ్మ కూర్చుని, స్టీలు గిన్నె మీది గుడ్డ తీసి, సర్వపిండి ముక్కలు తుంచి అందరి డబ్బా మూతల్లో పెడుతోంది. పల్లీలూ నువ్వులూ వేగిన కమ్మటి వాసన. బండి మీద అమ్ముదామనుకున్నది అదే. నెల నుంచీ ఇంట్లో గిన్నెలకి అద్ది కాల్చి, పిండి ఎంత, నూనె ఎంత అని కొలత కుదుర్చుకుంటోంది.

"రా సెల్లె, కూసో," అంది నర్సమ్మ. "సిట్టీ ఎత్తిన గదా. తినిపియ్యకుంటే ఎట్ల."

బండి సంగతి ఆవిడే చెప్పింది. పొద్దున తొమ్మిదిన్నరకే వెళ్ళి నాలుగు రోజులు గడువడిగింది. బసవరాజు చెడ్డవాడేం కాదు, కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. కాకపోతే రామంతాపూర్ మనిషెవరో మొత్తం పైసలతో వచ్చి పక్కనే నిలబడి ఉన్నాడు. పదిన్నరకి ఆ బండి ఆవిడ కళ్ళ ముందే వేరేవాళ్ళదైంది. మాట తప్పింది ఆవిడే కాబట్టి బయానా కూడా పోయింది. ఇదంతా ఎవరో చుట్టాలింట్లో జరిగినట్టు చెప్పుకుపోతోంది. చెబుతూనే ముక్కలు సమానంగా వచ్చాయో లేదో చూసుకుంటోంది.

"పోతే పోనీ," అంది. "నేనిడిసిన పద్నాలుగు వేల ఆరు వందల అరవై మా వాళ్ళకే పోయినయ్ గదా. రాత్రి లెక్క జేసిన. తలా పదమూడు వందల ముప్పై పడ్తది. నాకు బండి రాకుంటే మాయె, వీళ్ళకు ఒక నెల ఎల్తది."

ఎదురుగా కూర్చున్న తారామణి చెయ్యి తుడుచుకుని ఒక సంగతి అడిగింది. ఇద్దరు పిల్లల్ని ఒంటరిగా సాకుతున్న మనిషి ఆమె. ఆ పదమూడు వందలు చేతికిస్తారా, వచ్చే నెల వాయిదాలో తగ్గించుకుంటారా అని. ఆశగా ఏం అడగలేదు, మామూలుగా, చీటీ మనిషిని అడిగినట్టే అడిగింది. మిగతావాళ్ళు నమలడం ఆపి సుందరి వైపు చూశారు.

వచ్చే నెల చూద్దాం అంటే సరిపోతుంది. ఆ ఒక్క మాటతో పదకొండు సిప్పులూ నిలబడతాయి. తొమ్మిది వేలు నిలబడతాయి. నర్సమ్మ కూడా నిలబడుతుంది, ఆవిడకి మిగిలిన ఓదార్పు అదొక్కటే మరి. అది తీసేసుకునే హక్కు నాకెక్కడిది అని కూడా సుందరి అనుకుంది. మనసు ఎంత తెలివైనదంటే, జీతం కాపాడుకోవడానికి జాలిని అడ్డం పెట్టుకుంటోంది. అది తెలిసేసరికి ఆమెకి తన మీద తనకే అసహ్యం వేసింది.

పక్క నుంచి కొత్తగా పనిలో చేరిన కావ్య లేచి వచ్చి ఆధార్ జిరాక్సు ఆమె ముందు పెట్టింది. నెలకి రెండు వేలు వేస్తానంది. "నన్ను గూడ సిట్టీల రాయక్కా," అంది.

సుందరి ఆ కాగితం తీసుకుని, రెండు మడతలు పెట్టి, మళ్ళీ ఆ పిల్ల చేతిలోనే పెట్టింది.

"రాయనమ్మా," అంది. "ఇది చీటీ కాదు. చీటీ లాంటిది కూడా కాదు. ఆ రోజు నేను తప్పు చెప్పాను." నర్సమ్మ వైపు తిరిగింది. "మీ డబ్బు వీళ్ళెవరికీ రాలేదక్కా. రాదు కూడా."

నర్సమ్మ అక్కడున్న పదకొండు మందినీ ఒక్కొక్కరినే చూసింది. ఎవరైనా కాదంటారేమోనని చూసినట్టుంది.

"మరి ఎవలకు వోయినయ్?"

సుందరి తనకి తెలిసినంత చెప్పింది. ఆ డబ్బుతో కంపెనీ వాళ్ళు చిన్న చిన్న కంపెనీల షేర్లు కొన్నారు, వాటి ధర పడిపోయింది, దాంతో డబ్బూ పడిపోయింది. అంతకంటే ఆమెకీ తెలియదు. ఏజెన్సీలో ఇచ్చిన పుస్తకంలో అంతవరకే రాసి ఉంది.

"పడ్డయంటే యాడనో ఒక్క తాన ఉండాలె గదా సెల్లె," అంది నర్సమ్మ. ఆవిడ వాదించడం లేదు. నిజంగానే అడుగుతోంది. చేత్తో ఏరిన మూత కింద పడితే బల్ల కింద దొరుకుతుంది. ముప్పై ఏళ్ళుగా ఆవిడకి తెలిసిన లోకంలో పడ్డ వస్తువు ఏదీ లేకుండా పోలేదు. "ఎవలన్న తీసుకొని ఉంటే చెప్పు. తిట్టను. ఎవలకో అక్కరకొచ్చినయ్ అనుకుంట."

తారామణి తల దించుకుంది. సర్వపిండి ముక్క ఇంకా ఆమె డబ్బా మూతలోనే ఉంది.

సుందరికి అప్పుడు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. పైట చెంగుతో ముఖం తుడుచుకుని మిగిలిందీ చెప్పేసింది. ఫండు పెరిగినా తగ్గినా, కంపెనీ తన ఫీజు తను తీసుకుంటుంది. ముంబై మేనేజరు జీతం అందులోంచే. అందులోనే కొంత ఉప్పల్ ఆఫీసుకి వస్తుంది. అందులో మళ్ళీ కొంత ఆమెకి వస్తుంది.

"నాకూ వచ్చాయక్కా," అంది. "మీ డబ్బులోంచి. ఈ ఏడాది అంతా కలిపి నూట ఎనభై రూపాయలు."

ఎవరైనా ఒక మాట అంటే బాగుండునని ఆమె ఎదురుచూసింది. తిట్టినా బాగుండును. రెండింటి బెల్లు కొట్టారు. ఆడవాళ్ళు లేచి, చేతులు కడుక్కుని, ఒకరి వెనక ఒకరు లోపలికి నడిచారు. కావ్య మడతపెట్టిన కాగితాన్ని జాకెట్లో దోపుకుని వాళ్ళ వెనకాలే వెళ్ళింది. వచ్చే నెల వీళ్ళలో ఎంతమంది వేస్తారో, తన ఇంటి అద్దె ఎక్కడి నుంచి వస్తుందో సుందరికి తెలియదు.

నర్సమ్మ ఎడం చేతిని నేలకి ఆనించి మెల్లగా లేచింది. గిన్నెలో అడుగున ఒక్క ముక్క మిగిలి ఉంది. దాన్ని తీసి, గుడ్డతో నూనె తుడిచి, సుందరి అరచేతిలో పెట్టింది.

"పోనీ," అంది. "నీకన్న వచ్చినయ్ గదా. తిను."