మంగళవారం నాటి చర్చి

మా ఆయన రాయిస్ ఓటేసే వరసలో నిలబడి, వంగి బూటు తాడు ముడేసుకున్నాడు. కోటు పైకి లేచింది. నడుము దగ్గర తోలు ఒర, అందులో పిస్తోలు.

ఆ మంగళవారం ఆ పోలింగు కేంద్రానికి అధికారిని నేను. అమెరికాలో మా జార్జియా రాష్ట్రంలో ఓటింగు జరిగే చోటికి నూట యాభై అడుగుల లోపు తుపాకి తేకూడదు. ఎవరన్నా తెస్తే బయట నిలబడ్డ పోలీసుకి నేను చెప్పాలి. ఆ నోటీసు పొద్దున తలుపుకి అంటించింది కూడా నేనే.

తప్పంతా అలవాటుది. మా పేటకి పోలింగు మా చర్చి భోజనాల హాల్లోనే. రెండేళ్లుగా ఆదివారం ఆరాధన జరిగేటప్పుడు గుమ్మం కాసేది రాయిసే. ఆయుధంతో కాయమని పాస్టరు కాగితం రాసిచ్చారు. చర్చికి బయలుదేరాడంటే ముందు ఒర, తర్వాత టోపీ. ఆదివారం చేస్తే దాన్ని సేవ అంటారు, మంగళవారం చేస్తే కేసు పెడతారు. ఈ మనిషికి వారాల తేడా తెలియకపోతే నేనేం చెయ్యను? కేసు పడితే తుపాకి లైసెన్సు పోతే పోయింది, ఇరవై రెండేళ్లుగా తోలుతున్న బడి బస్సు కూడా పోతుంది. ఆ బస్సు లేని రాయిస్‌ని నేను ఊహించుకోలేను.

వరస సర్దే మిషతో లేచి వెళ్లాను.

"ఏమయ్యా, నీకు మతి ఉందా? నడుముకి ఏంటది?"

తడుముకున్నాడు. ముఖం పాలిపోయింది. "చర్చికేగా వస్తున్నానని..."

"ఇవాళ ఇది చర్చి కాదు. పో, ఇంట్లో పెట్టేసి రా. ఎవరన్నా అడిగితే గుర్తింపు కార్డు మర్చిపోయానను."

"ఒట్టు వెర్లీన్, చూసుకోలేదు."

"తెలుసులే. పరిగెత్తకు, మామూలుగా నడువు."

అద్దాల తలుపులోంచి చూస్తూనే ఉన్నాను. పోలీసు అతన్ని ఆపాడు.

"ఏం రాయిస్, అప్పుడే అయిపోయిందా?"

"కార్డు మర్చిపోయానయ్యా. ముసలితనం!"

పోలీసు నవ్వి వీపు మీద చరిచాడు. ఇంకో జానెడు కిందికి వచ్చి ఉంటే ఆ చెయ్యి పిస్తోలుకే తగిలేది. రాయిస్ కారెక్కేదాకా నేను తలుపు దగ్గర్నుంచి కదల్లేదు.

తిరిగి బల్ల దగ్గర కూర్చుని, ఏమీ జరగనట్టు అందరికీ ఉడికించిన వేరుశనగలు పంచాను. అప్పుడు చూశాను, వరసలో రాయిస్ వెనకాల నిలబడి ఉన్నది ఎవరో. ఒడెస్సా ప్రూట్. మా మాటలన్నీ వినే ఉంటుంది.

మే నెల పోలింగులో ఆమె కొడుకు టెరిన్, రాత్రి కాపలా డ్యూటీ దిగి, సరాసరి ఈ హాలుకే వచ్చాడు, నడుముకి తుపాకితో. నేనే పోలీసుని పిలిచాను. చట్టం అందరికీ ఒకటే అని నలుగురిలో గట్టిగా అన్నాను కూడా. కుర్రాడి లైసెన్సు, కాపలా ఉద్యోగం రెండూ పోయాయి.

ఒడెస్సా వంతు వచ్చింది. కార్డు బల్ల మీద పెట్టింది.

"మా వాడూ చూసుకోలేదనే చెప్పాడు వెర్లీన్. నీ చెవిలోనే చెప్పాడు."

నేను ఆమె కార్డు తీసుకుని జాబితాలో పేరు వెతికాను.

"పరిగెత్తకు, ఇంట్లో పెట్టేసి రా అని వాడికీ చెప్పొచ్చుగా?"

"చెప్పాల్సింది," అన్నాను.

వెళ్లి ఓటేసింది. తలుపు దాకా నడిచి, పోలీసుకి రెండడుగుల దూరంలో ఆగింది. ఆమె నోరు తెరిస్తే అంతే, అనుకున్నాను. తెరిచినా తప్పు పట్టడానికి నాకు హక్కు లేదు. ఒడెస్సా వెనక్కి తిరిగి నా బల్ల దగ్గరికే వచ్చింది.

"నేను చెప్పన్లే," అంది నెమ్మదిగా. "ఉద్యోగం పోయిన మగాడు పొద్దస్తమానం ఇంట్లో ఎలా కూర్చుంటాడో రోజూ చూస్తున్నాగా. అది నీ ఇంటికి వద్దు."