మారా అంటే చేదు

పెళ్లి దగ్గరపడ్డాక కాబోయే అత్తగారు పాస్టరుగారిని వెంటబెట్టుకుని వచ్చింది. లిఫ్టులు బాగుచేసే పెళ్లికూతురు అప్పుడే పని నుంచి వచ్చి, చేతులకంటిన గ్రీజు గుడ్డతో తుడుచుకుంటోంది.

"మారా ఏమిటమ్మా, పేరు?" అంది అత్తగారు కూర్చోకుండానే. "హీబ్రూలో చేదు అని అర్థమట. చేతులారా చేదును ఇంట్లోకి తెచ్చుకుంటానా? నయోమి అని మార్చేద్దాం. మధురం అని అర్థం."

పాస్టరుగారు తలూపారు. "ఇంగ్లీషువాళ్లూ ఈ పేరు పెట్టుకుంటారు గానీ, అర్థం మాత్రం చేదేనమ్మా. బైబిల్లో భర్తా కొడుకులూ పోయాక నయోమే తనను మారా అని పిలవమంది. మనం పాత పేరుకే వెళ్తున్నాం, అంతే."

"ఆలోచించి చెప్తాను" అంది మారా.

వాళ్లటు వెళ్లగానే తల్లిని నిలదీసింది. "లోకంలో ఇన్ని పేర్లుండగా నాకీ చేదెందుకు పెట్టావమ్మా?"

తల్లి గిన్నెలు తోముతూ వెనక్కి తిరగలేదు. "నీ ముందు ఇద్దరు పురిట్లోనే పోయారు. వచ్చినవాళ్లంతా ఏడవకు, దేవుడి చిత్తం అన్నవాళ్లే. నోరు నొక్కుకుని ఊరుకున్నాను. ఆ నయోమి ఊరుకోలేదు. దేవుడు నా బతుకు చేదు చేశాడని ఊరి ఆడవాళ్లందరి ముందూ అనేసింది. నేననలేని మాట నీకు పేరుగా పెట్టుకున్నా. రోజూ గొంతెత్తి పిలవొచ్చని."

తల్లి చేతిలోని గిన్నె అందుకుని మారా కడిగింది.

మర్నాడు పెళ్లికొడుకు ఫోన్ చేశాడు. "ఇంట్లో మారా, బయట నయోమి. సర్దుకుపోదాం."

"నేను సర్దుకోను."

"పేరుకు తగ్గట్టే మారాం చేస్తున్నావు."

"చేస్తాను" అని పెట్టేసింది.

పెళ్లినాడు హాలు నిండిపోయింది. అత్తగారి మాట తీసేయలేక కాబోలు, పాస్టరుగారు, "నయోమీ, ఇతణ్ని భర్తగా అంగీకరిస్తున్నావా?" అన్నారు.

పెళ్లికూతురు ఉలకలేదు, పలకలేదు. మళ్లీ అడిగారు. ఆ నయోమి ఎవరా అన్నట్టు ఆమె వెనక్కి తిరిగి చూసింది. ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. అత్తగారు కళ్లెర్రజేసింది.

పెళ్లికొడుకు నుదుటి చెమట తుడుచుకుని, తల్లి వైపు చూడకుండా, "ఆమె పేరు మారా. అలాగే పిలవండి పాస్టరుగారూ" అన్నాడు.

పాస్టరుగారు గొంతు సవరించుకున్నారు. "మారా..."

"అంగీకరిస్తున్నాను" అంది, చివరి వరస దాకా వినపడేలా.

అత్తగారు చాన్నాళ్లపాటు కోడల్ని "ఏమ్మా", "ఇదిగో" అంటూ పేరు లేకుండానే నెట్టుకొచ్చింది గానీ, నయోమి అని మాత్రం ఇంకెప్పుడూ అనలేదు.